ప్రయాణ బీమా: వరంగల్ నుంచి వేసవి యాత్రలకు ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు

ప్రయాణంలో ఎదురయ్యే ప్రమాదం, హఠాత్తు జబ్బు, సామాను నష్టం, టికెట్ల రద్దు, ఆలస్యం వంటి వాటికి ముందుగా కట్టించుకున్న ప్రీమియం మీద పరిహారం చెల్లించే ఒప్పందాన్ని ప్రయాణ బీమా అంటారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మార్చి నెలలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులు వస్తాయి. వరంగల్‌లో అదే కాలానికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఇంటర్మీడియట్ పరీక్షలు ముగుస్తాయి. ఏప్రిల్ చివర బడులకు సెలవులిచ్చేసరికి కాజీపేట జంక్షన్‌లో రిజర్వేషన్ దొరకడం కష్టమవుతుంది. కుటుంబాలు తిరుపతికీ, అరకుకూ, ఊటీకీ వెళ్తాయి. కాలేజీ పిల్లలు గోవాకూ మనాలికీ బయలుదేరతారు, లేదంటే బైకుల మీద లక్నవరం, రామప్ప చుట్టి వస్తారు.

పాలసీ ముందుగా చూసేది నష్టం ఎంతన్నది కాదు, అది ఏ కారణం వల్ల జరిగిందన్నది. ఆ కారణం పాలసీలో రాసి ఉండాలి, అది హఠాత్తుగా జరిగి ఉండాలి, పాలసీ కొనే నాటికి తెలిసినది కాకూడదు. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా క్లెయిమ్ నిలవదు. యాత్రలో ఆపద వచ్చినప్పుడు కుటుంబానికి అందే డబ్బంతా బీమా కూడా కాదు. కొంత ప్రభుత్వం దయతో ఇచ్చే ఎక్స్‌గ్రేషియా, కొంత చట్టం ప్రకారం హక్కుగా వచ్చే నష్టపరిహారం, కొంత బ్యాంకు ఖాతాతో ముడిపడిన సామాజిక భద్రతా పథకాల సొమ్ము. వీటి మధ్య తేడా తెలియక హక్కుగా రావలసిన డబ్బును వదులుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. అందుకే ఈ వ్యాసం పాలసీ దగ్గరే ఆగకుండా ఆ మిగతా దారులను కూడా పరిశీలిస్తుంది.

చరిత్ర

రైలు ప్రయాణికుల భయమే ఈ బీమాకు పుట్టుక. 1848లో లండన్‌లో ఏర్పడిన రైల్వే ప్యాసింజర్స్ అస్యూరెన్స్ కంపెనీ స్టేషన్ కౌంటర్లలోనే రైలు టికెట్‌తో పాటు బీమా టికెట్ కూడా అమ్మింది. దాన్ని చూసి వచ్చిన జేమ్స్ బ్యాటర్సన్ 1864లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ట్రావెలర్స్ కంపెనీని స్థాపించాడు. మన దేశంలో సామాన్యుడి వేలికి అందేంత దగ్గరగా ఈ బీమా వచ్చింది 2016 సెప్టెంబరు 1న. ఆ రోజు నుంచి ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో టికెట్ కొనేవారు 92 పైసలు కడితే 10 లక్షల రూపాయల ప్రమాద బీమా పొందే ఏర్పాటు మొదలైంది. మధ్యలో కొంతకాలం దాన్ని ఉచితంగా ఇచ్చారు. 2018 సెప్టెంబరు నుంచి మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఇటీవలి ధర ఒక్కొక్కరికి 45 పైసలు.

రైలు ప్రయాణం

టికెట్ బుక్ చేసేటప్పుడు ప్రయాణికుల పేర్లు, వయసులు నింపే పేజీలో కింద ఒక ప్రశ్న ఉంటుంది: ప్రయాణ బీమా కావాలా, వద్దా? తత్కాల్ తొందరలో చాలామంది దాన్ని చూడనే చూడరు. కావాలని నొక్కినవారికి టికెట్ తర్వాత బీమా కంపెనీ నుంచి ఒక సందేశం వస్తుంది. అందులోని లింకు తెరిచి నామినీ పేరు నింపాలి. నింపకపోయినా పాలసీ చెల్లుతుంది, కానీ ఆ తర్వాత డబ్బు చట్టబద్ధమైన వారసులకే వెళ్తుంది. వారసత్వ ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికీ, కోర్టుకూ తిరగడం అంటే ఏమిటో ఆ పని పడినవారికి తెలుసు. నామినీ పేరు నింపే రెండు నిమిషాల పనిని వాయిదా వేయకూడదని గట్టిగా చెప్పాలి.

ఈ పాలసీ కింద మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ 10 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి ఏడున్నర లక్షలు, గాయాలకు ఆస్పత్రి ఖర్చు 2 లక్షల దాకా, మృతదేహం తరలింపునకు 10 వేలు ఇస్తారు. ఆన్‌లైన్ టికెట్ కన్‌ఫర్మ్ అయినవారికీ ఆర్‌ఏసీ వారికీ మాత్రమే ఇది వర్తిస్తుంది. వెయిటింగ్ లిస్టువారికీ, స్టేషన్ కౌంటర్లో కొన్నవారికీ, జనరల్ బోగీ టికెట్‌వారికీ ఉండదు. వరంగల్, కాజీపేటల నుంచి సికింద్రాబాద్ వైపూ విజయవాడ వైపూ రోజూ వెళ్లే వేలమంది జనరల్ ప్రయాణికులు ఈ గొడుగు కిందికి రారు. రైలు రద్దయినా, ఆలస్యమైనా, ప్రయాణంలో జ్వరం వచ్చినా, బ్యాగు పోయినా ఈ పాలసీ పైసా ఇవ్వదు. రైలు ప్రమాదం, దోపిడీ, దాడి, రైలు నుంచి జారిపడటం వంటి ఘటనలకే ఇది పరిమితం.

జనరల్ టికెట్ ప్రయాణికుడికి అసలేమీ లేదనుకోవడం మాత్రం పొరపాటు. రైల్వే చట్టం, 1989లోని 124, 124ఎ సెక్షన్ల కింద, ఎవరి తప్పన్నది నిరూపించే అవసరం లేకుండానే, మరణానికి 8 లక్షల నష్టపరిహారం వస్తుంది. 2017 జనవరి 1కి ముందు ఇది 4 లక్షలు. 124ఎ సెక్షన్ ప్లాట్‌ఫాం టికెట్ ఉన్నవారికి సైతం వర్తిస్తుంది. ఐఆర్‌సీటీసీ బీమా ఉన్నవారు రెండూ పొందవచ్చు, ఒకటి తీసుకుంటే ఇంకొకటి పోదు. ఆత్మహత్య, సొంతంగా చేసుకున్న గాయం, మత్తులో ఉండటం, సహజమైన జబ్బు వంటి వాటికి మాత్రం పరిహారం లేదు. టికెట్ దొరకనంత మాత్రాన మృతుణ్ని ప్రయాణికుడు కాదని కొట్టిపారేయరాదనీ, రైలు ఎక్కుతూ దిగుతూ జరిగిన ప్రమాదం సొంతంగా చేసుకున్న గాయం కిందికి రాదనీ సుప్రీంకోర్టు 2018లో రీనా దేవి కేసులో చెప్పింది. దరఖాస్తు ఏడాదిలోగా రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు చేసుకోవాలి. మన ప్రాంతానికి దాని బెంచి సికింద్రాబాద్‌లో ఉంది.

వరంగల్ నగరానికి ఈ విషయం పుస్తకాల్లోది కాదు. 2003 జులై 2న గుంటూరు నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఇంజనూ, రెండు బోగీలూ వరంగల్ స్టేషన్ పక్కనున్న వంతెన మీద నుంచి కింది రోడ్డుపై పడ్డాయి. 20 మందికి పైగా చనిపోయారు. రైల్లో ఉన్నవారే కాదు, రోడ్డు మీద తమ దారిన తాము పోతున్నవారు కూడా ఆ ప్రమాదంలో చిక్కుకున్నారు. అప్పటికి పైసల బీమా లేదు. అలాంటి ఘటనలో రోడ్డు మీది మనిషికి నేటి ఐఆర్‌సీటీసీ పాలసీ కూడా ఉపయోగపడదు. ఆయనకు సొంత ప్రమాద బీమా ఉండాలి.

కిరాయి బండ్లు, సొంత బండ్లు

ఎక్కువమంది యాత్రలు రోడ్డు మీదే సాగుతాయి. అపోహలు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ‘బండికి ఇన్సూరెన్స్ ఉంది’ అనగానే అందులో కూర్చున్నవాళ్లందరికీ ఉందని అనుకుంటాం. నిజం వేరు.

డీసీఎం వ్యానులోనో, టాటా ఏస్‌లోనో, ట్రాక్టర్ ట్రాలీలోనో మేడారం జాతరకూ పెళ్లిళ్లకూ జనం వెళ్లడం వరంగల్, ములుగు, మహబూబాబాద్ పల్లెల్లో మామూలే. ఇవి సరుకు బండ్లు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. సరుకు యజమాని, లేదా ఆయన తరఫున సరుకుతో వెళ్తున్న మనిషి మాత్రమే దీనికి మినహాయింపు. ప్రమాదం జరిగితే పరిహార భారం బండి యజమాని మీద పడుతుంది. ఆయన తరచుగా అదే ఊరి చిన్న రైతు, ఇచ్చేందుకు ఆయన దగ్గరేమీ ఉండదు. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు కంపెనీని చెల్లించమని, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని ఆదేశించాయి గాని, దాన్ని నమ్ముకుని ట్రాలీ ఎక్కరాదు. పదిమంది కలిసి పసుపు పచ్చ ప్లేటు ఉన్న తుఫాన్ వాహనమో, ఆర్టీసీ బస్సో మాట్లాడుకుంటే అయ్యే అదనపు ఖర్చు పిల్లల ప్రాణాల ముందు ఎక్కువేమీ కాదు.

సొంత కార్లకు ఇంకో చిక్కు ఉంది. కేవలం థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న కారులో కూర్చున్న స్నేహితులుగానీ, అలాంటి బైకు వెనక సీటు మీది మనిషిగానీ ఆ పాలసీ కిందికి రారు. సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో ఈ మాట స్పష్టం చేసింది. జనం ఫుల్ ఇన్సూరెన్స్ అని పిలిచే ప్యాకేజీ పాలసీ ఉంటే వారికి రక్షణ దొరుకుతుంది. సగం ధరకు వస్తుందని థర్డ్ పార్టీ మాత్రమే చేయించిన బైకు మీద ఇద్దరు కుర్రాళ్లు లక్నవరం బయలుదేరితే, వెనక కూర్చున్నవాడు బీమా లేకుండా వెళ్తున్నట్టే. తెల్ల ప్లేటు కారును కిరాయికి తిప్పితే అది పాలసీ షరతుల ఉల్లంఘన, కంపెనీ ముందుగా పట్టుకునే సాకు అదే.

గోవాలో బైకు అద్దెకు తీసుకునేవారు నంబర్ ప్లేటు చూడాలి. చట్టబద్ధంగా అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండి ఎవరిదో సొంత బండి, అద్దెకివ్వడం దాని పాలసీకే విరుద్ధం. లైసెన్సు లేకుండా నడిపినా, తాగి నడిపినా, బండి బీమా గొడవతో పాటు ప్రయాణ బీమా పాలసీలోని మినహాయింపులు కూడా అడ్డుపడతాయి. పద్దెనిమిది నిండని పిల్లల చేతికి బండిచ్చిన తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

రోడ్డు ప్రమాద బాధితులకు 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కొంత ఊరట. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా, బీమా ఉన్నా లేకున్నా నిర్దేశిత ఆస్పత్రుల్లో చికిత్స అందాలన్నది దాని ఉద్దేశం.

నీళ్లు: కచ్చులూరు, బియాస్

2019 సెప్టెంబరు 15 ఆదివారం. గోదావరి వరద మీద ఉంది. పాపికొండలు చూడటానికి బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. 70 మందికి పైగా ఉన్న ఆ బోటులో కాజీపేట దగ్గరి కడిపికొండ గ్రామం నుంచి వెళ్లిన 14 మంది ఉన్నారు. వారిలో ఐదుగురే ప్రాణాలతో తిరిగొచ్చారు. బోటును బయటికి తీసింది అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. అంతవరకు కొన్ని కుటుంబాలు శవం కూడా చూడలేదు.

ఆ కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షలు, తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ప్రకటించాయి. అది ఎక్స్‌గ్రేషియా. ప్రభుత్వం ఇస్తేనే వస్తుంది, ఇంత ఇవ్వాలని అడిగే హక్కు లేదు, మరో ఘటనకు అంతే ఇస్తారన్న హామీ లేదు. వార్తల్లోకి ఎక్కని ప్రమాదానికి ఏమీ రాకపోవచ్చు. చెరువులో ఒక్క పిల్లవాడు మునిగితే టీవీ కెమెరాలు రావు. ఇందుకే వ్యక్తిగత ప్రమాద బీమా ప్రతి ఇంట్లోనూ ఉండాలని ఈ రచయిత నమ్మకం.

శవం దొరకని సందర్భానికి చాలా ప్రమాద పాలసీల్లో ఒక నిబంధన ఉంటుంది. ప్రయాణిస్తున్న వాహనమో నావో మునిగిపోయి, మనిషి ఆచూకీ ఏడాది వరకు తెలియకపోతే మరణించినట్టు భావించి చెల్లిస్తారు. పాలసీ కొనేటప్పుడు ఎవరూ చదవడానికి ఇష్టపడని వాక్యం అది. నదీ యాత్రకు వెళ్లేవారు చదవాల్సిన మొదటి వాక్యం అదే. దేశీయ జలమార్గాల నావల కోసం 2021లో వచ్చిన చట్టం నావలకు బీమాను తప్పనిసరి చేసింది. బోటు ఎక్కేముందు లైఫ్ జాకెట్‌తో పాటు బీమా పత్రం గురించి కూడా అడగడం యాత్రికుడి హక్కు.

కచ్చులూరు ఘటనకు ఐదేళ్ల ముందు, 2014 జూన్ 8న, హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు మనాలి వెళ్తూ హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లాలో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగడానికి దిగారు. పైన లార్జీ జలాశయం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులూ, వారితో వెళ్లిన టూర్ నిర్వాహకుడూ కొట్టుకుపోయారు. 2016 జనవరిలో హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు ఒక్కో విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల పరిహారం వడ్డీతో చెల్లించాలని తీర్పిచ్చింది. ఎక్కువ వాటా విద్యుత్ బోర్డు మీద, మిగతాది కళాశాల మీద, రాష్ట్ర ప్రభుత్వం మీద పడింది. ఇది నిర్లక్ష్యానికి కోర్టు విధించిన బాధ్యత. బీమాకు దీనితో సంబంధం లేదు. దాని కోసం తల్లిదండ్రులు ఏడాదిన్నర ఆగాల్సి వచ్చింది. విద్యార్థుల భద్రతపై యూజీసీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో విహారయాత్రల ప్రస్తావన ఉంది. వరంగల్ కళాశాలలు టూర్ ఫీజు వసూలు చేసేటప్పుడు బృంద ప్రమాద బీమాను అందులో కలపడం పెద్ద ఖర్చు కాదు. అడగాల్సింది తల్లిదండ్రులు.

పాలసీ లోపల

దేశంలోపలి ప్రయాణ పాలసీలు సాధారణంగా ప్రమాద మరణం, వైకల్యం, ప్రమాదానికి ఆస్పత్రి ఖర్చు, సామాను నష్టం, కొన్ని గంటలు దాటిన ఆలస్యం వంటివాటిని కవర్ చేస్తాయి. ఇంట్లో ఇప్పటికే మంచి ఆరోగ్య బీమా ఉంటే, అది దేశమంతటా పనిచేస్తుంది కాబట్టి ఆస్పత్రి భాగానికి మళ్లీ ప్రీమియం కట్టడం అనవసరం. ఆరోగ్యశ్రీ మాత్రం పథకంలో చేరిన ఆస్పత్రులకే పరిమితం. ఆ కార్డు గోవాలో చూపిస్తే పని జరుగుతుందని నమ్మి బయలుదేరకూడదు.

రద్దు దగ్గర నిరాశ ఎక్కువ. పాలసీ ఉన్నవారు ఆస్పత్రిలో చేరినా, దగ్గరి రక్తసంబంధీకులు చనిపోయినా చాలా పాలసీలు డబ్బిస్తాయి. పరీక్ష తేదీ మారిందనీ, స్నేహితుడు రానన్నాడనీ, ఆఫీసులో లీవు ఇవ్వలేదనీ, మనసు మారిందనీ రద్దు చేసుకుంటే ఇవ్వవు. విశ్వవిద్యాలయ పరీక్షల తేదీలు మారడం మామూలైన మనకు ఈ మినహాయింపు బాగా తగులుతుంది. తుపాను హెచ్చరిక వచ్చాక పాలసీ కొని, ఆ తుపాను వల్ల యాత్ర రద్దయిందంటే కూడా కుదరదు.

ముందునుంచి ఉన్న జబ్బులకు, అంటే బీపీ, షుగర్, గుండె జబ్బులకు, చాలా పాలసీలు మినహాయింపు పెడతాయి. ప్రాణాపాయ స్థితిలో పరిమితంగా ఇచ్చేవీ ఉన్నాయి. ప్రపోజల్ ఫారంలో షుగర్ ఉందని రాయకుండా దాచినవారి క్లెయిమ్ నిలవడం కష్టం. మనాలిలో పారాగ్లైడింగ్, గోవాలో పారాసెయిలింగ్, స్కూబా వంటివి సాహస క్రీడలు. అదనపు ప్రీమియం కట్టి చేర్చుకుంటే తప్ప వాటికి రక్షణ ఉండదు. గమనించకుండా రైల్వే బెంచీ మీద వదిలేసిన ఫోనుకు, నగదుకు, బంగారానికి కూడా రక్షణ ఉండదు.

వరంగల్‌కు ఇప్పుడు విమాన సర్వీసులు లేవు. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం ఏళ్లుగా మూతపడి ఉంది. విమానం ఎక్కాలంటే ముందు రోడ్డు మీదో రైల్లోనో శంషాబాద్ చేరాలి. దారిలో ట్రాఫిక్ వల్ల విమానం తప్పిపోతే, తక్కువ సమయం పెట్టుకుని బయలుదేరడాన్ని కంపెనీలు ప్రయాణికుడి తప్పుగానే చూస్తాయి. సూట్‌కేసు రాకపోతే విమానాశ్రయం గేటు దాటకముందే విమాన సంస్థ కౌంటర్లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోవాలి. ఆ కాగితం లేకుండా క్లెయిమ్ లేదు. దేశీయ ప్రయాణంలో సామానుకు విమాన సంస్థ బాధ్యత 20 వేల రూపాయల దాకా ఉంటుంది.

అమెరికాలోని వరంగల్ విద్యార్థులు

వరంగల్ నుంచి ఎంఎస్ చదవడానికి వెళ్లిన పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ వారి క్యాలెండర్లోనే ఉంటుంది. కారు అద్దెకు తీసుకుని ఫ్లోరిడాకూ గ్రాండ్ కాన్యన్‌కూ వెళ్తారు, కొందరు మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆరోగ్య బీమా చదువుకునే ఊళ్లో బాగా పనిచేసినా, నెట్‌వర్క్ బయటి రాష్ట్రంలో విద్యార్థి భరించాల్సిన వాటా పెరగవచ్చు. అమెరికా దాటితే ఆ బీమా పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. అద్దె కారుకు సంస్థ కౌంటర్లో అమ్మే డ్యామేజ్ వేవర్ కారుకు జరిగిన నష్టానికే. ఎదుటివారికి జరిగిన నష్టానికి వేరే లయబిలిటీ కవర్ కావాలి. ఒప్పందంలో పేరు లేని స్నేహితుడు స్టీరింగ్ పట్టుకుంటే రెండూ చిక్కులో పడతాయి.

వీసా గడువు ముగిసిన ఎఫ్-1 విద్యార్థి మెక్సికోకు 30 రోజుల్లోపు వెళ్లి తిరిగి రావడానికి కొన్ని షరతుల మీద నిబంధనలు వీలు కల్పిస్తాయి. సరిహద్దులో అధికారి ఆపితే మాత్రం దాని వల్ల పోయిన టికెట్లకూ హోటల్ డబ్బులకూ ప్రయాణ బీమా సాధారణంగా చెల్లించదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే వీలున్న ఖరీదైన కవర్ అక్కడ దొరుకుతుంది. మొదటి చెల్లింపు చేసిన రెండు మూడు వారాల్లోపు అది కొనాలి, ప్రయాణానికి 48 గంటల ముందే రద్దు చేయాలి, తిరిగొచ్చేది పెట్టిన డబ్బులో సగం నుంచి మూడొంతుల వరకే.

పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చికిత్సకు ఇంతే అని పరిమితి పెట్టిన చౌక పాలసీలో, అమెరికా ఆస్పత్రి ఒక్క రాత్రి బిల్లుకు ఆ పరిమితి ఏ మూలకూ రాదు. ఐరోపాలోని షెంగెన్ దేశాలకు వెళ్లేవారికి కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపించనిదే వీసా ఇవ్వరు. అమెరికా సందర్శకులకు అలాంటి నిర్బంధం లేదు కాబట్టే చాలామంది బీమా లేకుండా విమానం ఎక్కుతున్నారు.

చేతిలోనే ఉన్న బీమా, క్లెయిమ్ దారి

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి కట్ అవుతాయి. 18 నుంచి 70 ఏళ్ల వారికి ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి, విహారయాత్రలో జరిగినా సరే. పాస్‌బుక్‌లో ఆ 20 రూపాయల ఎంట్రీ ఉందో లేదో చూడటం, ఆ సంగతి ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచడం అవసరం. ఇంట్లో ఎవరికీ తెలియని పాలసీకి క్లెయిమ్ ఎవరూ వేయరు.

ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడి పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు తీసుకోవాలి. ఊరికి వచ్చాక హిమాచల్ నుంచో గోవా నుంచో వాటిని తెప్పించుకోవడం చాలా కష్టం. పాలసీ షరతులను సులభ భాషలో చెప్పే సమాచార పత్రాన్ని కంపెనీ ఇవ్వాలి, కోరితే దాన్ని తెలుగులో కూడా ఇవ్వాలి.

కంపెనీ తిరస్కరిస్తే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు క్లెయిములు వింటారు. ఇంకో దారి జిల్లా వినియోగదారుల కమిషన్, దానికి రెండేళ్ల గడువు ఉంది. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు కాబట్టి, పాలసీ ముంబై కంపెనీదైనా, ప్రమాదం గోవాలో జరిగినా, వరంగల్ మనిషి వరంగల్ కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు.